హబ్బుల లెక్క: విశాఖలో ఒక ఆఫీసు లాన్ డైరీ

2002లో విశాఖపట్నంలో ఒక పెద్ద ఆఫీసు నెట్‌వర్కును (లాన్ అంటే ఆఫీసులోని కంప్యూటర్లని కలిపే ఇలాంటి నెట్‌వర్కే) ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్సు కాంట్రాక్టు మీద చూసేవాణ్ని. ఆ రెండు నెలలూ లాంగ్‌బుక్కులో రాసుకున్న నోట్సు ఇది. ఆఫీసు పేరు తీసేశాను, తెగిపోయిన వాక్యాలు అతికించాను. ఇప్పటి మాట ఏదైనా చెప్పాల్సి వస్తే బ్రాకెట్లలో పెట్టాను.

జూన్ 3, సోమవారం

గ్రౌండ్ ఫ్లోరు, దాని మీద మూడంతస్తులు, వెనకాల వేరే బిల్డింగులో అనెక్సు. రిజిస్టరు ప్రకారం 212 కంప్యూటర్లు, 14 హబ్బులు (హబ్బంటే కంప్యూటర్ల వైర్లు వచ్చి కలిసే పెట్టె, వైరు పెట్టే ఒక్కో కన్నం ఒక పోర్టు). మ్యాపు లేదు. "ఉండేదండీ, పాత ఆయన రిటైరయ్యాక ఎక్కడ పెట్టారో" అన్నారు ఈడీపీ (కంప్యూటర్ల) సెక్షన్‌లో.

కంప్లయింటు ఒకటే. పొద్దున 11 నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ సాయంత్రం 4 తర్వాత, ఏ స్క్రీనూ కదలదు. అనెక్సులో మరీ ఘోరం, అక్కడ డిస్పాచ్ సెక్షన్‌వాళ్లు ఎంటర్ కొట్టి టీకి వెళ్లొస్తారట. సర్వర్ అమ్మినవాళ్లు "నెట్‌వర్కు తప్పు" అని రాసిచ్చారు. నెట్‌వర్కు వేసినవాళ్లు ఇప్పుడు లేరు కాబట్టి ఆ మాటకి జవాబు చెప్పేవాళ్లే లేకపోయారు. ఆ ఖాళీలోకి నేనొచ్చాను.

పైపైన చూసింది: గ్రౌండ్ ఫ్లోర్ కంప్యూటర్ రూమ్‌లో ఎన్‌టీ 4.0 సర్వరు, దాని పక్కన 24 పోర్టుల హబ్బు. అదే హబ్బు వెనక బీఎన్‌సీ నుంచి ఇంకా కోయాక్స్ కేబులు పోతోంది, 10బేస్2 అనే పాత రకం వైరింగు, దాని మీద తొమ్మిది పాత మెషీన్లు. మొదటి, రెండో అంతస్తుల్లో ఏ తెలివీ లేని మామూలు హబ్బులు. మూడో అంతస్తులో మాత్రం మేనేజబుల్ హబ్బులు మూడు, స్టాక్ కేబులుతో కలిపి ఉన్నాయి. వాటికి ఎస్‌ఎన్‌ఎంపీ మాడ్యూలు (దూరం నుంచే లెక్కలు అడిగి తెలుసుకునే ఏర్పాటు) ఉందన్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలీదు. అంతా 10 మెగాబిట్ సరుకే.

జూన్ 5, బుధవారం

పొద్దున్నించీ నడకే. అటెండరు బాబాయ్ నిచ్చెన పట్టుకుని వెంట వచ్చాడు. రిజిస్టరులో 14 అన్నారా, సాయంత్రానికి 22 తేలాయి.

మిగతా ఎనిమిదీ ఎక్కడివంటే, సెక్షన్లవాళ్లు సొంతంగా కొనుక్కున్నవి. గోడకి ఒక్క ఐవో బాక్సు (నెట్‌వర్కు సాకెట్) ఉంటుంది, రెండో కంప్యూటర్ వస్తుంది. ఈడీపీకి ఇండెంటు పెడితే నెల పడుతుందని కంటింజెన్సీ డబ్బుల్లోంచి ఎనిమిది పోర్టుల హబ్బు తెచ్చి టేబులు కింద పడేస్తారు. ఒకటి బీరువా మీద పాత ఫైళ్ల వెనక ఉంది. ఒకటి కిటికీ పక్కన, దాని పోర్టుల పిన్నులు ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కాయి. రికార్డు రూమ్‌లో ఉన్నది వెంకటేశ్వరస్వామి పటం పక్కన సాకెట్‌కి పెట్టారు. సీరియల్ బల్బులకీ, హబ్బుకీ ఒకటే స్విచ్చు. సాయంత్రం ఐదున్నరకి బాబాయ్ పటం లైట్లు ఆపితే ఆ వరసలో నాలుగు కంప్యూటర్లు నెట్‌వర్కు నుంచి పోతాయి.

"మరి ఆపొద్దేటి బాబూ? కరెంటు కాలిపోదా?" అన్నాడు. న్యాయమే. హబ్బుకి వేరే సాకెట్ వేయిస్తానని చెప్పాను.

ఏ వైరు ఎటు పోతోందో తెలియాలంటే ఒకటే దారి. ఈ చివర పీకితే ఆ చివర ఏ లింకు లైటు ఆరిందో చూడాలి. సెల్ వాడదామంటే ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులే, అందుకని ఇంటర్‌కామ్. నేను హబ్బు దగ్గర పీకడం, ఈడీపీ కుర్రాడు పై అంతస్తులో చూసి ఫోన్ చెయ్యడం. చాలాసార్లు అతని ఫోన్ కంటే ముందు సెక్షన్‌లోంచి కేకే వినిపించింది.

జూన్ 7, శుక్రవారం

చార్ట్ పేపరు మీద మ్యాపు గీశాను. గీస్తుంటేనే అనెక్సు బాధ అర్థమైంది.

డిస్పాచ్ గుమాస్తా కంప్యూటర్ నుంచి సర్వరు దాకా ప్రయాణం ఇలా ఉంది. టేబులు కింది హబ్బు, అక్కడి నుంచి అనెక్సు హబ్బు, అది దాటి మెయిన్ బిల్డింగు మెట్ల దగ్గరి హబ్బు, తర్వాత రెండో అంతస్తు ర్యాక్‌లో కింది హబ్బు, అదే ర్యాక్‌లో పై హబ్బు, చివరికి గ్రౌండ్ ఫ్లోరు హబ్బు. మొత్తం ఆరు. 10 మెగాబిట్ ఈథర్‌నెట్‌లో ఏ రెండు మెషీన్ల మధ్యా నాలుగుకి మించి రిపీటర్లు (వచ్చిన సిగ్నలుని మళ్లీ పలికే పెట్టెలు) ఉండకూడదు. హబ్బంటే పోర్టులు ఎక్కువున్న రిపీటరే. ఈ దారిలో అనుమతికి మించి రెండున్నాయి.

దీన్ని 5-4-3 అని బట్టీ పట్టిస్తారు. అయిదు సెగ్మెంట్లు (వైరు ముక్కలు), నాలుగు రిపీటర్లు, వాటిలో మూడు సెగ్మెంట్ల మీదే మెషీన్లు. నేనూ అలాగే బట్టీ పట్టాను. కారణం మాత్రం ఈ రోజు కాగితం మీద లెక్క వేసుకుంటేనే ఒంటబట్టింది.

హబ్బుల నెట్‌వర్కు రచ్చబండ లాంటిది. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది, ఎవరూ మాట్లాడనప్పుడు చూసుకుని మనం నోరు తెరవాలి. ఇద్దరు ఒకేసారి తెరిస్తే కొలిజన్, ఇద్దరూ ఆగి, ఎవరికి తోచినంతసేపు వాళ్లు ఆగి, మళ్లీ మొదలెట్టాలి. ఇది సాగాలంటే మాట కలిసిపోయిందన్న సంగతి మాట్లాడుతున్నవాడికి మాట పూర్తయ్యేలోపే తెలియాలి. ఈథర్‌నెట్‌లో అతి చిన్న ఫ్రేము (ఒక్కసారికి పంపే డేటా ముక్క) 64 బైట్లు, అంటే 512 బిట్లు. 10 మెగాబిట్ వేగంలో అది 51.2 మైక్రోసెకన్లు. నెట్‌వర్కు ఈ కొస నుంచి ఆ కొసకి పోయి, కొలిజన్ కబురు వెనక్కి రావడానికి ఉన్న గడువు అంతే. ప్రతి హబ్బూ సిగ్నలుని విని, సరిచేసి, మళ్లీ పలకడానికి ఆ గడువులోంచి కొంత తినేస్తుంది. ఆరు హబ్బులు తినేశాక మిగిలేదేమిటి? డిస్పాచ్ కంప్యూటర్ తన ఫ్రేము పంపేసి, సరిగ్గా వెళ్లిందనుకుని చేతులు దులుపుకున్నాక అవతల గుద్దుకున్న సంగతి వస్తుంది. దీన్నే లేట్ కొలిజన్ అంటారు.

ఇక్కడే అసలు దెబ్బ. మామూలు కొలిజన్ అయితే నెట్‌వర్కు కార్డే మళ్లీ పంపుతుంది, 16 సార్ల వరకూ ప్రయత్నిస్తుంది. మొదటి రెండుమూడు ప్రయత్నాల్లో తేలిపోతే మనకి తెలియను కూడా తెలియదు. లేట్ కొలిజన్‌లో కార్డు ఆ ఫ్రేముని వదిలేస్తుంది. పోయిందని పైన ప్రోటోకాల్ గ్రహించి మళ్లీ పంపాలి. మైక్రోసెకన్ల పని కాస్తా సెకన్లకి చేరుతుంది. ఎంటర్ కొట్టి టీ తాగి రావడం అందుకే.

హబ్బు మీద కొలిజన్ లైటు వెలిగితే ఏదో కొంప మునిగినట్టు ఫోన్ చేస్తారు జనం. అది వెలగడం తప్పు కాదు. ఆరకుండా వెలగడం తప్పు.

జూన్ 11, మంగళవారం

మూడో అంతస్తు మేనేజబుల్ హబ్బుల మీద కూర్చున్నాను. కన్సోల్ కేబులు, హైపర్‌టెర్మినల్, 9600. పాస్‌వర్డ్ అడగలేదు, అసలు పెట్టనే లేదు. ఐపీ ఇచ్చాను, కమ్యూనిటీ పేరు (లెక్కలు అడగడానికి పాస్‌వర్డ్ లాంటిది) ఇంకా ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన 'పబ్లిక్' అనే ఉంది, మార్చాను.

ఒక పాత పెంటియం మీద లైనక్స్ ఎక్కించి ఎస్‌ఎన్‌ఎంపీ టూల్స్ పెట్టాను. రిపీటర్ల లెక్కలన్నీ దాని లెక్కల చెట్టులో 1.3.6.1.2.1.22 అనే కొమ్మ కింద ఉంటాయి. దీని మీద 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2108 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) ప్రింటు తీసుకుని బస్సులో చదువుకుంటూ వచ్చాను. పక్క సీటాయన "ఏ పరీక్ష బాబూ?" అని అడిగాడు.

ప్రతి పోర్టుకీ లెక్క విడివిడిగా ఉంటుంది. ఎన్ని ఫ్రేములు వచ్చాయి, ఎన్ని ఆక్టెట్లు (బైట్లు), ఎఫ్‌సీఎస్ తప్పులు (దారిలో పాడైన ఫ్రేములు), కొలిజన్లు, లేట్ ఈవెంట్లు, ఆటో పార్టిషన్ (హబ్బే పోర్టుని వెలేయడం) ఎన్నిసార్లు అయిందీ. మొదట చూడగానే ఏడో పోర్టులో కొలిజన్లు లక్షల్లో కనబడి గుండె జారింది. తర్వాత చూస్తే హబ్బు నెలల తరబడి ఆపకుండా నడుస్తోంది, అన్ని నెలల మొత్తం అది. ఇవి 32 బిట్ల కౌంటర్లు, నిండితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. ఒక్కసారి చూసిన అంకెకి విలువ లేదు. అయిదు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి తీసేస్తే వచ్చేదే లెక్క. ఎమ్మార్టీజీ అనే ప్రోగ్రాముకి ఆ పని అప్పజెప్పాను, అయిదు నిమిషాలకోసారి చదివి గ్రాఫు గీస్తుంది.

జూన్ 12, బుధవారం

ఈ డైరీలో ఒక్కరోజే ఉంచమంటే ఇదే ఉంచుతాను.

ఆ కొమ్మలోనే ప్రతి పోర్టుకీ చివరగా వచ్చిన ఫ్రేము ఎవరి అడ్రసు నుంచి వచ్చిందో దాచుకునే గడి ఉంది. దాని పక్కనే ఆ అడ్రసు ఎన్నిసార్లు మారిందో లెక్కించే కౌంటరు. మామూలుగా ఒక పోర్టుకి ఒక కంప్యూటరే ఉంటుంది కాబట్టి ఆ కౌంటరు కదలకూడదు. కదులుతూ ఉంటే ఆ పోర్టు వెనక ఒక్క మెషీను కాదు, ఇంకో హబ్బు ఉన్నట్టు.

మూడో అంతస్తులో 50 పైచిలుకు పోర్టుల కౌంటర్లు వరసగా చదివించాను. కింది అంతస్తుకి వెళ్లే అప్‌లింకు పోర్టు గిర్రున తిరుగుతోంది, అది సహజం. అది కాక ఇంకో రెండు పోర్టులు తిరుగుతున్నాయి. ఆ రెండు గదులూ మొన్న నేను స్వయంగా తిరిగి చూసినవే. ఏమీ లేదని రాసుకున్నవే.

మళ్లీ వెళ్లాను. ఒక గదిలో హబ్బు ఫాల్స్ సీలింగు పైన ఉంది, ప్లైవుడ్ పలక జరిపితే దుమ్ములో లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. రెండోది సూపరింటెండెంటు మేడమ్ టేబులు సొరుగు వెనక. "అయ్యో, అది మా కంప్యూటర్ డబ్బా అనుకున్నానండీ" అన్నారావిడ.

అప్పుడు తట్టింది. స్టాకులో ఒక హబ్బులో పోర్టులు సగం ఖాళీగా ఉన్నాయి. వాటిని పక్క హబ్బుల్లోకి సర్ది, మాడ్యూలుతో సహా దాన్ని విడదీసి, డాక్టరు బీపీ మిషను మోసుకెళ్లినట్టు అంతస్తు అంతస్తుకీ తీసుకెళ్లొచ్చు. మామూలు హబ్బు తీసి దీన్ని పెట్టి, ఒకరోజు ఉంచి, లెక్కలు తీసుకుని, మళ్లీ పాతది పెట్టేయడం. స్టాకు మొత్తం ఒక రిపీటరు కిందే లెక్క కాబట్టి విడదీసినా అక్కడేమీ చెడదు, బయట మాత్రం తీసిన హబ్బు స్థానంలోనే ఇది కూర్చోవాలి, అదనంగా వరసలో దూర్చకూడదు. ఈడీపీ సార్ కాస్త ఆలోచించి సరేనన్నారు, రాత్రి ఏడు తర్వాతే మార్చాలని షరతు.

జూన్ 14, శుక్రవారం

మొదటి అంతస్తులో బీపీ మిషను (స్టాకులోంచి విడదీసిన హబ్బుకి నేను పెట్టుకున్న పేరు). పదకొండో పోర్టులో ఎఫ్‌సీఎస్ తప్పులు, వేరే ఏ పోర్టులోనూ లేవు. తప్పులు ఒక్క పోర్టులోనే ఉంటే వైరునో కార్డునో అనుమానించాలి.

ఎల్‌ఈడీ టెస్టరు పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. టెస్టరు బాగుందంది, కౌంటరు బాగాలేదంది. ఆర్‌జే-45 కనెక్టరు కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే తెలిసింది. క్రింప్ చేసినాయన రంగుల జతల్ని వరసగా పెట్టేశాడు, ఒకటీ రెండూ ఒక జత, మూడూ నాలుగూ ఒక జత. ఈథర్‌నెట్‌కి కావాల్సినవి ఒకటి-రెండు, మూడు-ఆరు. ఇలా పెడితే మూడో తీగ ఒక మెలికలోది, ఆరో తీగ ఇంకో మెలికలోది అవుతుంది. రాగి తగులుతూనే ఉంటుంది కాబట్టి టెస్టరుకి తెలీదు. మెలిక లేని జత పక్క జత సిగ్నలుని లాక్కుంటుంది. చిన్న వైరైతే నెట్టుకొచ్చేది, ఇది 60 మీటర్లు.

రెండు వైపులా కోసి మళ్లీ కొట్టాను. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. (ఇరవయ్యేళ్లు దాటినా నిద్రలో లేపి అడిగినా చెబుతాను.) సాయంత్రానికి కౌంటరు కదలడం మానేసింది.

జూన్ 18, మంగళవారం

అకౌంట్స్‌లో ఒక కంప్యూటర్ ఉన్నట్టుండి తెగిపోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది. బీపీ మిషనులో ఆ పోర్టుకి ఆటో పార్టిషన్ లెక్క పెరుగుతోంది. ఒకే పోర్టు మీద వరసగా 30కి పైగా కొలిజన్లు వస్తే హబ్బు ఆ పోర్టుని వెలేస్తుంది, మిగతా ఊరిని కాపాడడానికి. తర్వాత ఒక ఫ్రేము గొడవ లేకుండా సాగితే మళ్లీ కలుపుకుంటుంది. లేట్ ఈవెంట్లు కూడా ఆ పోర్టులోనే.

కొత్త మెషీను. అమర్చినాయన డ్రైవరు సెట్టింగుల్లో 10 ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి మాట్లాడడం, వినడం) అని బలవంతంగా పెట్టి వెళ్లాడు. 'ఫుల్' అంటే మంచిదనుకున్నాడేమో. హబ్బు మీద ఎవరైనా హాఫ్ డూప్లెక్సే. ఫుల్ డూప్లెక్సులో ఉన్న కార్డు ఎదుటివాడు మాట్లాడుతున్నాడా అని చూడదు, గుద్దుకున్నా ఆగదు. అకౌంట్స్ గదిలో ఒక్కడు గట్టిగా అరుస్తూంటే మిగతా అందరికీ పని పాడైంది. ఆటోకి మార్చాను, రెండు నిమిషాల పని. కనుక్కోవడానికి మాత్రం ఒకరోజు పట్టింది.

జూన్ 20, గురువారం

పొద్దున 9.40కి మొదటి అంతస్తు మొత్తం పోయింది. హబ్బు మీద కొలిజన్ లైటు అతుక్కుపోయినట్టు వెలుగుతోంది. రాత్రే బీపీ మిషను తీసేసి పాతది పెట్టాను, నా ఖర్మ.

లెక్కలు చెప్పే దిక్కు లేనప్పుడు ఉన్న పద్ధతి సగం సగం చెయ్యడం. ఇరవై నాలుగు కేబుళ్లలో పన్నెండు పీకాను, లైటు అలాగే ఉంది. మిగతా పన్నెండులో ఆరు పీకాను, ఆరింది. ఆ ఆరింటినీ ఒక్కోటిగా పెట్టుకుంటూ పోతే అయిదోదానికి మళ్లీ అతుక్కుంది. 10.25 అయింది, వెనకాల ముగ్గురు ఆఫీసర్లు నిలబడి ఉన్నారు.

ఆ వైరు పట్టుకుని గదికి వెళితే, వేలాడుతున్న కేబుల్ని ఎవరో పద్ధతిగా సర్దుదామని రెండో కొసని కూడా గోడ సాకెట్‌లో పెట్టారు. రెండు సాకెట్లూ అదే హబ్బుకి పోతాయి. మామూలు కేబులయితే లింకే వచ్చేది కాదు, ఏ నష్టమూ ఉండేది కాదు. అది క్రాసోవర్ కేబులు, ఎప్పుడో రెండు కంప్యూటర్లు నేరుగా కలిపి ఫైళ్లు కాపీ చేసుకోవడానికి తెచ్చింది. సిగ్నలు తిరిగి తిరిగి తనని తానే గుద్దుకుంది. పార్టిషన్ చెయ్యాల్సిన హబ్బు చెయ్యలేదెందుకో. చవక సరుకు మీద కోపం తెచ్చుకుని ప్రయోజనం లేదు.

క్రాసోవర్ కేబుళ్లన్నీ ఏరి రెండు కొసలకీ ఎర్ర టేపు చుట్టాను. తొమ్మిది దొరికాయి.

జూన్ 24, సోమవారం

నోటు పెట్టాను. అడిగినవి: ఒక 24 పోర్టుల 10/100 స్విచ్చు (హబ్బులా అందరికీ కాక, ఫ్రేముని చేరాల్సిన పోర్టుకే పంపే పెట్టె), అనెక్సుకి ఫైబరు, కోయాక్స్ తీసెయ్యడానికి తొమ్మిది యూటీపీ (మెలితీగల) లైన్లు. స్విచ్చు మధ్యలో కూర్చుంటే రిపీటర్ల లెక్క అక్కడ తెగిపోతుంది, దానికి ఇవతల మళ్లీ ఒకటి నుంచి మొదలు. హబ్బులు పారెయ్యక్కర్లేదు, ఒక్కోదాన్నీ నేరుగా స్విచ్చుకి కలిపితే చాలు.

అడ్మినిస్ట్రేషన్ జవాబు: హబ్బుల లైట్లు వెలుగుతున్నాయి కదా, ఉన్నవాటితో సరిపెట్టండి. స్విచ్చుకి సరే. ఫైబరు వద్దు.

జూన్ 27, గురువారం

మధ్యాహ్నం మూడుకి ఉరుము. అనెక్సుకీ మెయిన్ బిల్డింగుకీ మధ్య బయట గాలిలో వేలాడుతున్న రాగి కేబులు. అనెక్సు హబ్బులో మూడు పోర్టులు, మెట్ల దగ్గర హబ్బులో అప్‌లింకు, డిస్పాచ్‌లో ఒక కంప్యూటర్ కార్డు పోయాయి. రెండు బిల్డింగుల అర్థింగులు వేరు, వాటి మధ్య రాగి వేస్తే పిడుగు నేరుగా పడక్కర్లేదు, దగ్గర్లో పడినా చాలు. నోటులో ఈ మాట రెండో పేరాలో ఉంది.

సాయంత్రం ఆరింటికి ఫైబరుకి సంతకమైంది.

జూలై 8, సోమవారం

మల్టీమోడ్ ఫైబరు వేశారు, దూరం 130 మీటర్లు. రాగి అయితే వంద దగ్గర ఆగి మధ్యలో రిపీటరు పెట్టాలి, ఫైబరు మీద 10బేస్-ఎఫ్‌ఎల్‌కి 2 కిలోమీటర్లదాకా భయం లేదు. రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు. మొదట లింకు రాలేదు. పంపే తీగనీ, వినే తీగనీ ఒకవైపు అటుఇటు మార్చాక వచ్చింది. మెట్ల దగ్గరి హబ్బుకి ఇక పని లేదు.

జూలై 13, రెండో శనివారం

సెలవు కాబట్టి కటోవర్ (పాతది తీసి కొత్తదానికి మారడం) ఈ రోజు పెట్టుకున్నాం. పొద్దున ఎనిమిదికి నేను, ఈడీపీ కుర్రాడు, బాబాయ్.

స్విచ్చు గ్రౌండ్ ఫ్లోర్ కంప్యూటర్ రూమ్‌లో. సర్వరుకి 100 మెగాబిట్ కార్డు కొని స్విచ్చుకే నేరుగా కలిపాం. రెండో అంతస్తు ర్యాక్‌లో ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు హబ్బుల్నీ విడదీసి చెరో లైను ఇచ్చాం. మూడో అంతస్తు స్టాకుకి ఒక లైను, బీపీ మిషను మళ్లీ దాని చోటుకి. కోయాక్స్ విప్పి టీ ముక్కలూ, 50 ఓమ్ టెర్మినేటర్లూ డబ్బాలో పడేస్తే బాబాయ్ "ఇవి ఇత్తడేనేటి?" అని తిప్పి తిప్పి చూశాడు. పటం దగ్గర హబ్బుకి వేరే సాకెట్ పడింది, మాట నిలబెట్టుకున్నాను.

ఒంటిగంటకి అవ్వాల్సింది రాత్రి పదైంది. ప్యాచ్ ప్యానెల్ మీద నంబర్లు ఒకటి, గోడ మీద నంబర్లు ఇంకొకటి. ఎవరో ఎప్పుడో రెండు అంతస్తుల లైన్లు తారుమారుగా పంచ్ చేశారు. ముప్పై రెండు లైన్లు క్రోన్ టూల్‌తో మళ్లీ కొట్టాను, వేలు బొబ్బెక్కింది.

మధ్యలో వాచ్‌మన్ గదిలో టీవీ. లార్డ్స్‌లో ఫైనలు, ఇంగ్లండు 325 కొట్టింది. సచిన్ అవుటయ్యి 146కి 5 అయ్యేసరికి కుర్రాడు "ఇంక లాభం లేదన్నా, పని చేసుకుందాం" అని పైకొచ్చేశాడు. పనయ్యాక కూడా ఇంటికి పోలేదు, అక్కడే కూలబడ్డాం. యువరాజ్, కైఫ్ కలిసి లాక్కొచ్చారు. మూడు బంతులు మిగిలుండగా గెలిచాక వాచ్‌మన్ లేచి గేటు తీసి రోడ్డు మీదికి పరిగెత్తాడు. స్విచ్చు ఆన్ చేసినప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ ఇంత ఆనందం రాలేదు, ఒప్పుకోవాలి.

జూలై 15, సోమవారం

పొద్దున్నే డిస్పాచ్‌కి వెళ్లాను. ఇప్పుడు దారి: టేబులు కింది హబ్బు, అనెక్సు హబ్బు, స్విచ్చు. రెండు రిపీటర్లు. గుమాస్తా ఎంటర్ కొట్టాడు, స్క్రీను వచ్చింది. ఇంకోసారి కొట్టాడు. "టీకి ఎప్పుడు వెళ్లాలండీ ఇక?" అన్నాడు.

లేట్ ఈవెంట్లు మూడో అంతస్తులో సున్నా. అనెక్సులో ఇప్పుడు బీపీ మిషను లేదు కాబట్టి కౌంటరు మాట చెప్పలేను, మనుషుల మాటే.

అయితే పదకొండింటికి మళ్లీ ఫోన్లు. మునుపటంత కాదు, కానీ మూడో అంతస్తు నుంచే నలుగురు చేశారు.

జూలై 18, గురువారం

మూడు రోజులు గ్రాఫుల ముందు కూర్చున్నాను. మూడో అంతస్తు స్టాకులో సర్వరు వైపు నుంచి వచ్చే ఆక్టెట్లు 11కి కొండలా లేస్తున్నాయి, ఒంటిగంటకి దిగుతున్నాయి. సెక్షన్ల నుంచి సర్వరుకి వెళ్లేవి చాలా తక్కువ. అంటే ఎవరో చిన్న ప్రశ్న అడిగి పెద్ద జవాబు తెచ్చుకుంటున్నారు. ఏ పోర్టు ఎక్కువ ఫ్రేములు పంపుతోందో చూస్తే రెండు పోర్టులు, రెండూ ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌వే.

వెళ్లి కూర్చుని చూశాను. ఫాక్స్‌ప్రోలో రాసిన పే-బిల్లు ప్రోగ్రాము. డీబీఎఫ్ (డేటా) ఫైలు సర్వరులో ఉంది, ప్రోగ్రాము వీళ్ల మెషీన్లలో నడుస్తుంది. సర్వరు ఇక్కడ ఉత్త బీరువా, వెతకదు. ఉద్యోగి నంబరు కొడితే ఇండెక్సు ఉన్న ఫీల్డయితే కొంచెమే వస్తుంది. వీళ్లు పేరుతో వెతుకుతున్నారు, పేరు మీద ఇండెక్సు లేదు. ఒక్కొక్క పేరుకి ఫైలు మొత్తం వైరు మీద నుంచి దిగుతోంది. టపా పదిన్నరకి వస్తుంది, పదకొండు నుంచి వెతకడం మొదలు. సాయంత్రం నాలుగింటికి రెండో టపా.

సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, ఇది హబ్బుల మీద మొదటి వారంలోనే తెలిసుండేది. ఆక్టెట్ల గ్రాఫు జూన్ 11 నుంచి గీస్తూనే ఉంది. నేను తప్పుల కౌంటర్లే చూశాను, ఒప్పుల కౌంటరు చూడలేదు. ఈడీపీ సార్‌తో ఈ మాట చెబితే నవ్వి, పేరు మీద ఇండెక్సు ఆయనే వేసిచ్చారు. పావుగంట పని.

జూలై 22, సోమవారం

పదకొండు దాటింది, ఫోను లేదు. పన్నెండు, లేదు.

మ్యాపు ఫెయిర్ కాపీ గీసి మూడు జిరాక్సులు తీశాను. ఒకటి ఈడీపీకి, ఒకటి ర్యాక్ తలుపు లోపలివైపు అతికించాను, ఒకటి నా దగ్గర. ప్రతి హబ్బుకీ నంబరు చీటీ, తెల్ల ప్లాస్టరు మీద పర్మనెంట్ మార్కరుతో. మొత్తం 24. రిజిస్టరులో పాత 14 కొట్టేసి 24 రాసి సంతకం పెట్టించాను.

సాయంత్రం అయిదుకి సర్దుకుంటూ అలవాటుగా మూడో అంతస్తు అడ్రసు మార్పుల కౌంటర్లు ఒకసారి చదివించాను. పందొమ్మిదో పోర్టు శుక్రవారం సున్నా. ఇప్పుడు 340. అది కొత్తగా వచ్చిన ఆఫీసర్ గారి గది.

ఆయన క్యాంపులో ఉన్నారు, గదికి తాళం. రేపు పదింటికి వస్తారట. బాబాయ్‌కి నిచ్చెన సంగతి చెప్పి వచ్చాను.